సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: మన కాలనీలో విద్యార్థుల తాగుడు

సభ్యులందరికీ నమస్కారం. డ్రైనేజీ, వీధి దీపాలు, జమాఖర్చుల వివరాలు వేరే కాగితంలో ఇచ్చాం. ఇది మన ఇళ్లలో అద్దెకు ఉంటున్న ఇంజినీరింగ్ విద్యార్థుల సంగతి.

మొదట అందరూ చేసేదే మనమూ చేశాం. ర్యాలీ తీశాం, బ్యానర్లు కట్టాం. సారా ఉద్యమం మన నెల్లూరు జిల్లా దూబగుంటలోనే మొదలైందని, 1993లో సారా నిషేధం వచ్చింది ఆడవాళ్ల పోరాటం వల్లేనని మైకులో గర్వంగా చెప్పాం. పిల్లలు చప్పట్లు కొట్టి మళ్లీ ఫోన్లలో పడ్డారు. సారా తాతల కాలం సంగతి, తాము తాగేది బీరేగా అని వాళ్ల ధీమా.

ఆ ధీమాను కాస్త కదిలించింది మన కాలనీ కెమిస్ట్రీ మేడమ్ గారు బోర్డు మీద వేసిన లెక్క. 8 శాతం ఆల్కహాల్ ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 30 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది 10 గ్రాములు. అంటే సీసా ఖాళీ చేస్తే నాలుగు పెగ్గులు వేసినట్టే. వెనక బెంచీ కుర్రాడొకడు "మేడమ్, ఇంకోసారి వేయండి" అన్నాడు. ఆ తర్వాత ప్రశ్నలే ప్రశ్నలు. ఎక్కువమంది అడిగింది బండి గురించే. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే కేసు, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చని చెప్పాం.

డిసెంబరు 31 రాత్రి ఒక మేడ మీద ఓ అబ్బాయి స్పృహ తప్పాడు. స్నేహితులు వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నిమ్మరసం పోస్తున్నారు. పక్కింటి నర్సమ్మ పరుగున వెళ్లి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయించారు. అబ్బాయి బతికాడు. ఇంట్లో తెలుస్తుందన్న భయంతో అప్పటిదాకా ఎవరూ ఫోన్ చేయలేదట! తిట్లు తర్వాత, ముందు అంబులెన్స్ అని అప్పటినుంచి ప్రతి గదికీ వెళ్లి చెబుతున్నాం. మానాలనుకునేవాళ్లకు సాయం చేసే హెల్ప్‌లైన్ 14446 నంబరు ఇస్తున్నాం, ఆ ఫోన్‌కు డబ్బులు పడవు.

21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. అయినా షాపులో వయసు అడిగే నాథుడు లేడు. అర్జీ పెట్టాం, జవాబు రాలేదు, మళ్లీ పెడతాం.

నిష్ఠూరమైనా ఒక మాట. అద్దె అందితే చాలు, మేడ మీద ఏం జరిగితే మనకేం అనుకునే ఓనర్లు మనలోనూ ఉన్నారు. ఫస్టియర్ పిల్లలు కొత్తగా దిగే రోజుల్లోనే సీనియర్ల ట్రీట్లు మొదలవుతాయి. అందుకే ఈసారి గది ఇచ్చేటప్పుడే తల్లిదండ్రుల ఫోన్ నంబరు తీసుకోండి, నెలకోసారైనా మేడ ఎక్కి చూడండి.