శీనాకి, డిస్కులు అయిపోకముందే

ఒరే శీనా,

అమెరికా నుంచి సంక్రాంతికి వస్తున్నావంట గదా! మొన్న నెల్లూరు పొగతోటలో మందుల షాపు దగ్గర మీ అమ్మ కనపడి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె మొహం వెలిగిపోతా ఉండింది. టిక్కెట్టు తీశావో లేదో గానీ, పెట్టెలో ఒక మూల మాత్రం నాకు వదిలిపెట్టు. జపాన్ బొమ్మల సినిమాల, సీరియళ్ళ డిస్కులు కావాలి. ఏవి తేవాలో, ఎందుకు తేవాలో తీరిగ్గా రాస్తా. ఫోనులో అయితే "అన్నీ ఆన్‌లైన్‌లో ఉండాయి గదరా, నీకెందుకు ఆ ప్లాస్టిక్ డబ్బాలు" అని సగంలోనే అడ్డం పడతావు.

అన్నీ ఉన్నాయనేది నిజం కాదురా. ఈ రోజుకి ఉన్నాయి, అంతే.

2004లో జపాన్ బొమ్మల సీరియళ్ళు వేసే చానల్ యానిమాక్స్ మొదలైనప్పుడు మీ ఇంట్లో కేబులు ఉండేది, మాకు లేదు. బడి వదలగానే మీ వరండాలో బ్యాగు పడేసి టీవీ ముందు కూర్చునేవాళ్ళం. మీ నాన్న వార్తలు పెట్టమని వచ్చి, మన మొహాలు చూసి ఏమీ అనకుండా వెనక్కి పోయేవాడు. ఆ రోజుల్లో చూసినవాటిలో కొన్నిటి పేర్లు కూడా మనకి గుర్తు లేవు. చానల్ పోయింది, వాటితో పాటు అవీ పోయాయి. మళ్ళీ చూడాలంటే యాడ వెతకాలో తెలియని బొమ్మలవి. అప్పుడు మన చేతుల్లో ఏమీ లేదు. ఇప్పుడు ఉంది గాబట్టే ఇంత చెబుతున్నా.

ఒక జపాన్ సీరియల్‌ని అమెరికాలో డిస్కుగా వెయ్యాలంటే అక్కడి కంపెనీ హక్కులు కొనుక్కోవాలి. అవి శాశ్వతంగా రావు, కొన్నేళ్ళ గడువుకే ఇస్తారు. గడువు తీరిందంటే కొత్తగా ఒక్క డిస్కు కొట్టడానికి వీల్లేదు. గోడౌన్‌లో మిగిలిన సరుకు అమ్ముకోవాల్సిందే. పొడిగించుకోవచ్చు గదా అంటావు. అమ్మకం బాగుంటే పొడిగిస్తారు. పాత సీరియల్, ఏడాదికి కొన్ని వందల కాపీలు పోయేది అయితే ఎవరు మళ్ళీ డబ్బు పెడతారు? పైగా జపాన్‌లో ఒక సీరియల్‌కి యజమాని ఒక్కరే ఉండరు. పుస్తకం వేసిన వాళ్ళు, టీవీ చానల్, పాటల కంపెనీ, బొమ్మల కంపెనీ అందరూ కలిసి కమిటీగా ఏర్పడి పెట్టుబడి పెడతారు. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళందరి చేతా మళ్ళీ సరే అనిపించడం తేలిక కాదు.

ఇక అమెరికాలో ఈ డిస్కులు వేసే కంపెనీలే మూతపడితే? 2007లో జెనియాన్ అమెరికా శాఖ, 2009లో ఏడీవీ, 2012లో బందాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ కొత్త డిస్కులు వెయ్యడం మానేశాయి. ఒక్కొక్కరి వెనక పెద్ద కేటలాగు ఉండేది. అందులో కొన్నిటిని వేరేవాళ్ళు మళ్ళీ హక్కులు కొని కాపాడారు. ఫ్లోరిడా వాళ్ళు, డిస్కోటెక్ మీడియా అని, పాతవాటిని వెతికి పట్టుకుని వేస్తుంటారు. వాళ్ళంటే నాకు చెప్పలేనంత గౌరవం. అయినా అందరూ అన్నిటినీ కాపాడలేరు. మిగిలినవి సెకండ్‌హ్యాండ్ బల్లల మీదే.

ఆన్‌లైన్ సంగతి ఇంకా వినాలి. ఫ్యూనిమేషన్ అనే కంపెనీ డిస్కు కొంటే లోపల ఒక కోడు వచ్చేది, ఆ కోడు కొడితే డిజిటల్ కాపీ నీ ఖాతాలో చేరేది. తర్వాత ఆ సర్వీసు, ఆన్‌లైన్‌లో ఈ బొమ్మలు చూపించే క్రంచీరోల్‌లో కలిసిపోయింది. 2024 ఏప్రిల్ 2న పాత యాప్ ఆపేశారు, ఆ డిజిటల్ కాపీలు కొత్తచోటికి రాలేదు. కోడు కాగితం ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. అదే డబ్బాలో ఉన్న డిస్కు మాత్రం ఈ రాత్రి పెట్టినా ఆడుద్ది. 1987 నుంచి అయోవాలో నడిచిన రైట్ స్టఫ్ అనే అమ్మకం కొట్టు కూడా 2023 అక్టోబరులో క్రంచీరోల్ కొట్టులో కలిసిపోయింది. దారులన్నీ ఒకే గుమ్మం దగ్గరికి వచ్చి చేరుతున్నాయి. ఆ గుమ్మం వెనక ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. ఒక్కచోట మాత్రమే దొరికేది ఒక్క నిర్ణయంతో పోతుందనే నా భయం.

పోవడం ఒక రకం, మారిపోవడం ఇంకో రకం. నీకు ఇష్టమైన సీరియల్ ఎవాంజెలియన్‌నే తీసుకో. ప్రతి ఎపిసోడ్ చివరా ‘ఫ్లై మీ టు ద మూన్’ వచ్చేది, నువ్వు పాటకి అర్థం తెలియకుండానే కూనిరాగం తీసేవాడివి. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు చాలా దేశాల్లో ఆ పాట లేదు. సబ్‌టైటిల్సూ డబ్బింగూ కూడా కొత్తవి. 2021లో జీకిడ్స్ వాళ్ళు అమెరికాలో తెచ్చిన బ్లూరేలో (డీవీడీ కన్నా స్పష్టంగా కనపడే డిస్కులే) బొమ్మ అద్భుతంగా ఉంది, పాట మాత్రం అందులోనూ లేదు. ఆ పాటతో కలిపి చూడాలంటే ఏడీవీ వాళ్ళు ‘ప్లాటినం’ పేరుతో వేసినట్టాంటి పాత డీవీడీలే వెతుక్కోవాలి. కంపెనీ పోయింది, పాట పోయింది, ఆ పాత డీవీడీలో మాత్రం రెండూ ఉన్నాయి. అందుకే కొత్తది కొన్నామని పాతది పారెయ్యకూడదు.

డైరెక్టర్ సతోషి కోన్ అంటే నాకు ప్రాణం పెట్టేంత ఇష్టమని నీకు తెలుసు. సినిమాలు నాలుగే: 1997లో పర్ఫెక్ట్ బ్లూ, తర్వాత మిలీనియం యాక్ట్రెస్, టోక్యో గాడ్‌ఫాదర్స్, 2006లో పాప్రికా. మధ్యలో 2004లో పారనోయా ఏజెంట్ అని పదమూడు ఎపిసోడ్ల సీరియల్. 2010 ఆగస్టులో నలభై ఆరేళ్ళకే పోయాడు, చేతిలో ఉన్న సినిమా సగంలో ఆగిపోయింది. ఇంకోటి రాదు. మిలీనియం యాక్ట్రెస్‌లో ఒక పాత స్టూడియోని కూల్చేస్తుంటారు, ఎప్పుడో సినిమాలు వదిలేసిన ముసలి నటిని వెతుక్కుంటూ ఒకాయన కెమెరాతో వెళ్తాడు. ఆమె తన జీవితం చెబుతుంటే అది ఆమె నటించిన సినిమాల్లోకి జారిపోతుంటుంది. స్టూడియో కూలిపోయినా ఆ సినిమాలు ఆయన గుండెలో మిగిలే ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. అట్టాంటి సినిమా కోసం ఎవరి దయమీదా ఆధారపడటం నాకిష్టం లేదురా.

మన సంగతే చూడు. 1932లో వచ్చిన మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద. దాని ప్రింటు ఈ రోజు లేదు. చూసినవాళ్ళూ వెళ్ళిపోయారు. అదే వేటపాలెం సారస్వత నికేతనం గుర్తుందా, మీ మామయ్య పెళ్ళికి చీరాల పోయినప్పుడు నాన్న మనల్ని తీసుకెళ్ళాడు. 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల కిందికి పోయింది. 1918లో పెట్టిన గ్రంథాలయం, గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేసింది. ఎక్కడా దొరకని పాత తెలుగు పత్రికలు అక్కడ దొరుకుతాయని దూరదూరాల నుంచి పరిశోధన చేసేవాళ్ళు వస్తారు. ఊళ్ళో వాళ్ళు ఎవరూ చెప్పకుండానే దాచబట్టి గదా అవి మిగిలాయి. పెద్దపెద్ద సంస్థలే దాస్తాయిలే అనుకుని కూర్చుని ఉంటే ఆ పత్రికలు పొట్లాలకి పోయేవి.

సరే, పనిలోకి వద్దాం. బ్లూరేకి ప్రపంచాన్ని మూడు రీజన్లు, అంటే ప్రాంతాలు, చేశారు. అమెరికా, జపాన్, కొరియా ‘ఏ’లో ఉంటాయి. యూరప్, ఆస్ట్రేలియా ‘బి’. మన దేశం, చైనా, రష్యా ‘సి’. లాకు వేసిన ‘ఏ’ రీజన్ డిస్కు మన దగ్గర కొన్న మామూలు ప్లేయర్‌లో ఆడదు. నేను అన్ని రీజన్లూ చదివేట్టు మార్చిన ప్లేయరు కొనుక్కున్నాలే, ఆ బెంగ నీకొద్దు. డీవీడీల రోజుల్లో అమెరికా ఒకటి, జపాన్ రెండు, వేర్వేరు. బ్లూరేలో ఇద్దరూ ఒకే రీజన్‌లో పడేసరికి జపాన్ కంపెనీలకి కొత్త భయం పట్టుకుంది: అమెరికా డిస్కులు చవక గదా, జపాన్ వాళ్ళే అక్కడి నుంచి తెప్పించుకుంటే? కొన్ని సీరియళ్ళు అమెరికాలోనూ అంత ఖరీదుగా ఉండటానికి అదొక కారణం.

జపాన్ డిస్కుల ధర వింటే నీకు కళ్ళు తిరుగుతాయి. రెండు మూడు ఎపిసోడ్లున్న ఒక్క డిస్కు ఆరేడు వేల యెన్లు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చాలావాటిలో ఉండవు. జిబ్లీ స్టూడియో సినిమాల జపాన్ డిస్కుల్లో మాత్రం ఉంటాయి. అక్కడ అర్ధరాత్రి వేసే సీరియళ్ళకి పెట్టుబడి రాబట్టే దారుల్లో డిస్కు అమ్మకం చాలా ఏళ్ళు ముఖ్యమైనది, కొనేది కొద్దిమంది వీరాభిమానులు, అందుకే ఆ ధర. అక్కడి నుంచి నేరుగా తెప్పించుకుంటే పోస్టేజీ కలిపిన ధర మీద కస్టమ్స్ సుంకం పడుద్ది. చెన్నైకి వచ్చిన పార్సిలు నెల్లూరు చేరేదాకా నాకు అన్నం సయించదు. అందుకే నీ మీద పడ్డా.

కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. తొంభైల్లో వచ్చినవి ఫిల్ము మీద తీశారు. ఆ ఫిల్మును మళ్ళీ స్కాన్ చేస్తే ఎన్ని వివరాలు బయటికొస్తాయో, కుంచె గీతలు కూడా కనపడతాయి. వాటికి బ్లూరే తప్పనిసరి. 2000 తర్వాత నాలుగైదేళ్ళు చాలామంది కంప్యూటర్ రంగులకి మారారు, అప్పటి బొమ్మ సైజు పాతకాలం మామూలు టీవీకి సరిపోయేదే. అట్టాంటివాటికి మంచి డీవీడీ దొరికినా నాకు సంతోషమే. ఆన్‌లైన్‌లో చీకటి సీన్లు మెట్లు మెట్లుగా కనపడతాయి చూడు, డిస్కులో ఆ బాధ తక్కువ. బ్లూరేలో బొమ్మకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా ఇస్తారు. నెట్‌లో వచ్చేది అందులో కొంచెమే.

నువ్వు డల్లాస్‌లో ఉండటం నా అదృష్టం. హాఫ్ ప్రైస్ బుక్స్ అనే పాత పుస్తకాల షాపు పుట్టిందే మీ ఊళ్ళో, పాత డిస్కులు కూడా అమ్ముతారు. శనివారం ఒక గంట తిరిగితే చాలు. మొదట మిలీనియం యాక్ట్రెస్ బ్లూరే. తర్వాత పారనోయా ఏజెంట్, ఫ్యూనిమేషన్ 2020లో వేసింది. ఏడీవీ ఎవాంజెలియన్ ప్లాటినం డీవీడీలు కనపడితే ఆలోచించకుండా తీసుకో. లెజెండ్ ఆఫ్ ద గెలాక్టిక్ హీరోస్ అని 110 ఎపిసోడ్ల మహాకావ్యం ఉంది, 1988 నుంచి 1997 దాకా తీశారు. దాని పెట్టెని మీ టెక్సాస్‌లోనే ఉండే సెంటాయ్ అనే కంపెనీ వాళ్ళు 2018లో 800 డాలర్ల ధరకి తెచ్చారు. అది కొనమని నిన్ను అడగను, యాడన్నా కనపడితే చేత్తో పట్టుకుని చూసి చెప్పు చాలు.

దొంగ సరుకు జాగ్రత్త. ఇరవై ఆరు ఎపిసోడ్లూ రెండు డీవీడీల్లో, అట్ట మీద ‘అన్ని రీజన్లు’ అని, చైనీస్ సబ్‌టైటిల్స్‌తో చవగ్గా కనపడితే వదిలెయ్. కొరత అని ధర పదింతలు చెప్పేవాళ్ళ దగ్గరా కొనొద్దు. అట్టా రేటు పెరిగినవాటిలో కొన్ని మళ్ళీ అచ్చయి మామూలు ధరకి వచ్చాయి. మళ్ళీ మళ్ళీ చూస్తామనుకున్నదే కొనాలి. బీరువా నింపడం కోసం కొనేది నాకు నచ్చదు.

డబ్బా తెరిచి మధ్య రంధ్రం చుట్టూ పగుళ్ళున్నాయేమో చూడు. బ్లూరేలో సమాచారం ఉండే పొర పైతలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, లోతు గీతలుంటే తీసుకోవద్దు. ఇక్కడికొచ్చాక చూసుకునే పని నాది. మన రోహిణీ ఎండలూ, సముద్రపు గాలీ తెలిసిందే గదా. అన్నీ నిలువుగా పెట్టి, సిలికా పొట్లాలు మారుస్తుంటా. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు ముందు అమ్మ మందులు, ఆ వెంటనే డిస్కుల పెట్టెలు అటకెక్కించా.

ఇంకో కోరిక ఉంది, అది నువ్వు తీర్చలేవు. 2025 జనవరిలో, జపాన్ వాళ్ళు మనవాళ్ళతో కలిసి ఎప్పుడో తీసిన బొమ్మల రామాయణం తెలుగులో థియేటర్లకి వచ్చింది. సెప్టెంబరులో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ అనే జపాన్ బొమ్మల సినిమా కూడా తెలుగులో వచ్చింది. మా అక్క కొడుకు ఒక్క సబ్‌టైటిల్ కూడా చదవకుండా నోరు తెరుచుకుని చూశాడు. మనకి ఆ వయసులో దొరకనిది వాడికి దొరికింది. ఆ తెలుగు గొంతులు కూడా డిస్కు మీదకి ఎక్కాలిరా. డబ్బింగు హక్కులకీ గడువులుంటాయి, వాడు నా వయసుకొచ్చేసరికి అవి ఎవరి దగ్గరుంటాయి? వస్తే మొదటి కాపీ నేనే కొంటా.

బ్లూరే కన్నా పై రకమైన 4కే డిస్కులకి రీజన్ లాకు ఉండదు గానీ, నా ప్లేయరు 4కే చదవదు. కాబట్టి మామూలు బ్లూరేనే చూడు, రెండూ కలిసి ఉన్న డబ్బా అయినా సరే. కొనేముందు అట్ట వెనక వైపు ఫొటో తీసి పంపు. నీకు పగలైతే నాకు రాత్రి, అయినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటా.

నీ
రమణ