బారాటాంగ్ బురదకు కంచె కడితే సరిపోదు

కేంద్ర బొగ్గు, గనుల శాఖ మంత్రి శ్రీ జి. కిషన్‌రెడ్డి గారికి,

నమస్కారం. చెన్నై పల్లావరంలో స్థిరపడిన తెలుగువాణ్ణి. మా పక్కనున్న పరంగిమలై చార్నకైట్ శిలను మీ శాఖ కిందున్న జీఎస్‌ఐ (భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ) జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. తిరుమల శిలాతోరణానికీ ఆ గుర్తింపు ఉంది. సంతోషమే. నేను రాస్తున్నది మాత్రం రాళ్ల గురించి కాదు, బురద గురించి.

అండమాన్‌లోని బారాటాంగ్ దీవిలో బురద అగ్నిపర్వతాలున్నాయి. వాటిలో లావా ఉండదు. నేల లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మీథేన్ వంటి వాయువులు, నీరు మెత్తటి మట్టిని కలుపుకుని పైకి తోసుకొస్తాయి. బుడగ లేస్తుంది, పగులుతుంది, కాస్త బురద పక్కకు జారుతుంది. అలా పేరుకుంటూనే దిబ్బలవుతాయి. ‘ఇంతేనా?’ అని పెదవి విరిచే పర్యాటకులకు లోటు లేదు. కానీ 2004 డిసెంబరు 26 నాటి భూకంపం తర్వాత రెండు రోజులకే అక్కడ బురద ఉధృతంగా ఎగజిమ్మింది.

చార్నకైట్ మీద ఎంతమంది నడిచినా దానికి పోయేదేం లేదు. బురద దిబ్బను పదిమంది చెప్పులతో తొక్కితే ఆకారమే చెడిపోతుంది. పైగా బురద పైకొచ్చే ఒక బిలం పూడిపోతే మరోచోట ఇంకొకటి తెరుచుకోవచ్చు. ఇవాళ్టి బిలం చుట్టూ కంచె వేసి బోర్డు పెడితే, రేపటి బిలం కంచె బయట ఉంటుంది. బురద పారే మేర మొత్తాన్ని కలిపి రక్షిత ప్రాంతంగా ప్రకటించాలి.

భూవారసత్వ ప్రదేశాల బిల్లు ముసాయిదాను మీ శాఖ 2022 డిసెంబరులో ప్రజల ముందు పెట్టింది. చట్టంలో ఇలాంటి మారే నేలలకు విడిగా నిబంధనలు ఉండాలి. అలజడి కనిపించిన వెంటనే సందర్శన ఆపించే అధికారం స్థానికంగా ఒకరి చేతిలో ఉండాలి. ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో మక్కలూబె అనే బురద అగ్నిపర్వతాల చోటు కూడా రక్షిత ప్రాంతమే. అయినా 2014 సెప్టెంబరులో అక్కడ బురద ఒక్కసారిగా పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు.

ఇంకో మాట. రక్షణ పేరుతో దీన్ని టూరిస్టు ప్యాకేజీ చేయొద్దు. శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి బారాటాంగ్ వెళ్లే రోడ్డు జారవా ఆదివాసుల రిజర్వు గుండా పోతుంది. అందుకే అక్కడ వాహనాలను కాన్వాయ్‌గా పంపుతారు. మనం ఇక్కడ పోస్టర్లు వేసి జనాన్ని పిలిస్తే ఆ రద్దీ వాళ్ల అడవిలోకే వెళుతుంది. రోజుకు ఎంతమందిని అనుమతించాలో ముందే తేల్చండి.

జీఎస్‌ఐతో సర్వే చేయించి, ప్రతిపాదిత సరిహద్దుల మ్యాపును బయటపెట్టండి. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా పంపుతాం.

ఇట్లు,
చెన్నై నుంచి ఒక తెలుగు పౌరుడు