పోప్ పర్యటన ఖర్చుపై మా ఎంపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎంపీ గారికి,

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడిన క్యాథలిక్‌ని. రెండుసార్లు రాసినా మీ నుంచి జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

2010 సెప్టెంబరులో పోప్ 16వ బెనెడిక్ట్ బ్రిటన్‌కు వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. పన్నుల సొమ్ము వాడొద్దని అప్పటి సర్వేలో 77 శాతం మంది అన్నారు. దేశం పిలిచిన అతిథి కాబట్టి ప్రభుత్వం ఖర్చు పెట్టడం సబబేనని నేను వాదించాను. కానీ అందులో 18.5 లక్షల పౌండ్లు పేద దేశాలకు సాయం చేసే శాఖ నుంచి తీశారని తెలిసి మనసు చివుక్కుమంది. మా ఊరి కూలీలు జ్వరమొస్తే సిస్టర్ల ఆస్పత్రికే పరుగెత్తేవారు. అలాంటి చోట మందులకు వాడాల్సిన డబ్బది.

ఆ మొత్తాన్ని తిరిగి పేద దేశాల సాయానికే జమ చేయాలని పార్లమెంటులో అడగండి. మీ జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి.

భవదీయుడు,
మీ నియోజకవర్గ ఓటరు