108 టెండరు పత్రం మీద డాక్టరు సంతకం ఉండాలి

సంపాదకులకు,

108 అంబులెన్సుల మీద ఎప్పుడు చర్చ జరిగినా బండ్లెన్ని, ఎన్ని నిమిషాల్లో వచ్చాయి అన్న దగ్గరే ఆగిపోతోంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ విలువ తెలిసినవాళ్లం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం. బండి ఇంటి ముందు ఆగినంత మాత్రాన రోగి గండం గట్టెక్కడు. బండిలో ఏం ఉండాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ప్రభుత్వం టెండరు పిలిచి బండ్లు నడపడానికి ఎంచుకునే నిర్వాహక సంస్థ పనిని దేంతో కొలవాలి అన్నవి క్యాజువాలిటీలో పనిచేసే డాక్టర్లు, నర్సులు తేల్చాల్సిన విషయాలు. ఒప్పందం రాసేటప్పుడే వాళ్లు ఆ గదిలో ఉండాలి.

పురుగుమందు తాగిన కేసునే తీసుకోండి. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో ద్రవం. పరిస్థితి తీవ్రంగా ఉంటే విరుగుడు మందైన అట్రోపిన్ 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఛాతీ తేటపడేదాకా ఐదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. మామూలుగా దొరికే ఆంపూల్ (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు బుడ్డి)‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. అంటే మొదట 5 ఆంపూళ్లు, తర్వాత 10, ఆ తర్వాత 20. మొదటి పది నిమిషాల్లోనే 35 ఆంపూళ్లు అయిపోతాయి. మందుల జాబితాలో ‘అట్రోపిన్’ అని మాత్రం రాసి సంఖ్య రాయకపోతే, పది ఆంపూళ్లున్న బండి కూడా తనిఖీలో నెగ్గుతుంది. పైగా కదిలే బండిలో ఆంపూళ్లు విరిచి సిరంజిలోకి తీసేది, నోట్లో నురగ సక్షన్ చేసేది, ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కేది బండిలో ఉండే ఒకే ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు). ఈ లెక్క రోజూ ఆ పని చేసేవాళ్లకే తడుతుంది.

ఆక్సిజన్ సంగతీ అంతే. బి-టైప్ సిలిండర్ నిండా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున పెడితే 100 నిమిషాలకు ఖాళీ. పాడేరు ఘాట్ దిగి విశాఖ చేరేసరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. సిలిండర్లు ఎన్నుండాలో ఆ ప్రాంతపు దూరాన్ని బట్టి రాయాలి. ప్రతి షిఫ్టు మొదట్లో గేజ్ రీడింగ్ నమోదు చేయాలన్న నిబంధనా పెట్టాలి.

అన్నిటికంటే నష్టం ‘దగ్గర్లోని ఆసుపత్రి’ అన్న మాటతో జరుగుతోంది. గుండెపోటు వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. రెండు గంటల్లోపు స్టెంట్ వేయగల క్యాథ్ ల్యాబ్ అందుబాటులో ఉంటే నేరుగా అక్కడికే, లేకపోతే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇవ్వగలిగిన చోటికి తీసుకెళ్లాలి. అలా కాకుండా ఆ రెండూ లేని ఆసుపత్రిలో దింపితే, అక్కణ్నుంచి రెఫర్ చేస్తారు, మళ్లీ 108కి ఫోను, మళ్లీ ఇంకో బండి. నివేదికలో అవి సకాలంలో పూర్తయిన రెండు ట్రిప్పులు. రోగికి గుండె కండరం పోయిన రెండు గంటలు.

లెక్క తప్పుగా పెట్టుకుంటే ఏమవుతుందో ఇంగ్లండ్ చూసింది. ప్రాణాపాయమన్న కాల్స్‌లో 75 శాతానికి 8 నిమిషాల్లో ఎవరో ఒకరు చేరాలన్నది అక్కడ ఏళ్ల తరబడి నడిచిన లక్ష్యం. దాంతో ఆ 8 నిమిషాలు లెక్కపెట్టే గడియారం ఆపడానికి ముందు మోటార్‌సైకిల్ మీదో కారులోనో ఒక మనిషిని పంపేవారు. పక్షవాతం వచ్చినవారు స్ట్రెచరున్న బండి కోసం ఇంట్లోనే ఎదురుచూసేవారు. ఒక్క కాల్‌కు రెండు మూడు బండ్లు బయల్దేరదీసి, సగం దారిలో వెనక్కి పిలిచేవారు. 2017లో వైద్యులే ముందుండి దీన్ని మార్చారు. గుండె ఆగినవారిని మొదటి ప్రశ్నల్లోనే గుర్తించి వెంటనే బండి పంపుతారు. మిగతా కాల్స్‌లో జబ్బేమిటో తేల్చుకోవడానికి 240 సెకన్ల దాకా వ్యవధి ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం వంటి రెండో శ్రేణికి సగటు లక్ష్యం 18 నిమిషాలుగా పెట్టారు. రోగిని తరలించాల్సి ఉంటే, తరలించగల బండి వచ్చాకే గడియారం ఆగుతుంది.

అంత చేసినా 2022 డిసెంబరులో ఆ 18 నిమిషాల సగటు గంటన్నర దాటింది. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ లేక, రోగులను దింపుకోక, అంబులెన్సులు గుమ్మం ముందే బారులు తీరడం దానికి ఒక ముఖ్య కారణం. మన బోధనాసుపత్రుల ముందు స్ట్రెచర్ తిరిగి రాక ఆగిపోయే 108 బండ్లదీ ఇదే బాధ. కాబట్టి రోగిని 15 నిమిషాల్లో అప్పగించుకునే బాధ్యత ఆసుపత్రి సూపరింటెండెంట్ మీద కూడా పెట్టాలి. నిర్వాహక సంస్థ ఒక్కదానికే జరిమానా వేస్తే ఆ గుమ్మం దగ్గర ఏమీ మారదు.

అయితే ఏ డాక్టరైనా సరిపోడు. ఇంగ్లండ్‌లో 2013 నుంచి 2022 దాకా సేవల కొనుగోలు చూసిన స్థానిక బృందాల్లో ఒక స్పెషలిస్టు డాక్టరు, ఒక నర్సు తప్పనిసరి. ఆ బృందం ఒప్పందం చేసుకున్న ఆసుపత్రుల్లో ఆ డాక్టరు ఉద్యోగి అయి ఉండకూడదు. మనకూ ఆ కట్టడి కావాలి. ఎమర్జెన్సీ మెడిసిన్ ప్రొఫెసరు, ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీ డాక్టరు, స్టాఫ్ నర్సు, బండిలో పనిచేసిన ఈఎంటీ ఉండాలి. 108 రోగులు చేరే ప్రైవేటు ఆసుపత్రిలో వాటా ఉన్నవారు ఉండకూడదు. బండిలో జరిగిన మరణాలు, రెండో బండి ఎక్కాల్సి వచ్చిన కేసుల కాగితాలను నెలనెలా వీరే చదవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తదుపరి టెండరు పిలిచే ముందు అందులోని వైద్య నిబంధనల ముసాయిదాను 30 రోజులపాటు బహిరంగంగా ఉంచి, వైద్యుల అభ్యంతరాలు తీసుకోవాలని కోరుతున్నాం.

ఇట్లు,
అత్యవసర వైద్య విభాగంలో పనిచేస్తున్న డాక్టర్లు, నర్సులు
గుంటూరు