ముందు పంటి బాండింగ్: సకినం తప్పు కొంత, నా తప్పు కొంత

కనుమ మర్నాడు ఉదయం హనుమకొండలో మా క్లినిక్ తలుపు తీసేసరికే ఒకావిడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కొంగు ముడి విప్పి కాగితం పొట్లం చేతికిచ్చారు. లోపల బియ్యపు గింజంత తెల్లటి ముక్క. పదకొండు నెలల కిందట ఆవిడ ముందు పంటి మూలకు నేను పెట్టిన బాండింగ్ (పంటి రంగు ముద్దతో వేసే అతుకు) అది. "సకినం కొరికాను డాక్టరు గారూ" అన్నారు, తప్పంతా తనదే అయినట్టు.

ఆ ముక్కను తిరగేసి అడుగు వైపు సూదితో గీశాను. గట్టిగా నిలవాల్సింది మైనంలా చారపడింది. ఆ వారంలోనే మరో ఇద్దరు అలాంటి ముక్కలతోనే వచ్చారు. వెంటనే బాండింగ్‌ను గట్టిపరిచే మా లైటును చూశాను. కొన మీద గట్టిపడిన బాండింగ్ ముద్ద పొర ఒకటి అంటుకుపోయి ఉంది. మీటరు పెట్టి చూస్తే వెలుగు ఉండాల్సిన దానిలో సగమే ఉంది.

బాండింగ్ అంటే మెత్తటి ముద్ద. దాన్ని రెండు మిల్లీమీటర్లకు మించకుండా పొరలు పొరలుగా పెట్టి, ఒక్కో పొరను దాదాపు 20 సెకన్లు నీలి వెలుగులో గట్టిపరుస్తాం. వెలుగు చాలకపోతే పైన గట్టిపడి లోపల మెత్తగా మిగిలిపోతుంది. పైకి ఎర్రగా కాలి లోపల పచ్చిగా ఉన్న సర్వపిండి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఎన్ని నెలలుగా ఆ లైటుతో అలాగే పని చేశానో తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

అందుకని పోయిన ఫిబ్రవరి నుంచి ఈ సంక్రాంతి వరకు మా దగ్గర బాండింగ్ చేయించుకున్నవారందరూ ఒకసారి రండి. చూసినందుకు ఏమీ తీసుకోను. మళ్లీ చేయాల్సి వస్తే అదీ ఉచితమే. ఇప్పుడు రోజూ మొదటి పేషెంటు కంటే ముందు లైటును మీటరుతో కొలిచి పుస్తకంలో రాస్తున్నాం. కావాలంటే అడిగి చూడండి.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. "పదేళ్లు ఉంటుంది కదా?" అని అడిగితే ఇన్నాళ్లూ తలూపేవాణ్ణి. ఇక ఊపను. బాగా చేసి, బాగా చూసుకుంటే సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లు. మధ్యలో చిన్న చిన్న మరమ్మతులు, పాలిష్ తప్పవు. క్యాపు ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, కానీ దానికోసం మంచి పంటిని అరగదీయాలి. బాండింగ్‌లో పంటిని దాదాపు ముట్టుకోం. నాకు అది నచ్చేది అందుకే.

మీ వైపు నుంచి కావాల్సింది పెద్దగా ఏమీ లేదు. సకినాలు మానమనను, ఈ ఊళ్లో ఆ మాట అంటే నా క్లినిక్ మూతపడుతుంది. చేత్తో విరిచి వెనక పళ్లతో నమలండి. మక్కకంకి గింజలు ఒలుచుకుని తినండి. చెరుకు గడను మాత్రం ముందు పళ్లతో చీల్చవద్దు. చేయించుకున్నాక మొదటి రెండు రోజులు టీ, కాఫీ, పసుపు ఎక్కువగా ఉన్న కూరలు తగ్గించండి. బొగ్గుపొడి, బూడిద, ఉప్పు పెట్టి తోమితే మెరుపు పోయి గరుకవుతుంది, ఆ గరుకులోనే పసుపు పట్టుకుంటుంది. పళ్లు తెల్లబరిచే మందు బాండింగ్ మీద పనిచేయదు. తెల్లబరుచుకోవాలంటే ముందు అది చేయించుకుని, రెండు వారాలు ఆగి బాండింగ్‌కు రండి.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన ఉన్నారు. కత్తెర పక్కనే ఉన్నా దారం పంటితోనే తెంపుతారు. ఆయన పంటికి రెండుసార్లు బాండింగ్ చేశాను, రెండుసార్లూ అదే మూల ఊడింది. మూడోసారి చేయనన్నాను. కోపంతో వెళ్లిపోయి, నెల తర్వాత కత్తెరను మెడలో తాడుకు కట్టుకుని వచ్చారు. అప్పుడు చేశాను.

నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవారికి ఆ సంగతి తెలియదు, పక్కన పడుకునేవారికి తెలుస్తుంది. ఇంట్లో అడిగి రండి. రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు (గార్డు) లేకుండా అలాంటి పళ్లకు బాండింగ్ చేయడం డబ్బు దండగ. గుట్కా, జర్దా నమిలేవారికైతే అవి మానేవరకు చేయనని బోర్డు మీదే రాశాను. కొందరు అది చదివి వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు. సరే.

ఆరు నెలలకోసారి పాలిష్‌కు ఇప్పటిదాకా డబ్బు తీసుకున్నాను, అందుకే చాలామంది రాలేదు. ఇకపై మొదటి ఏడాది రెండు పాలిష్‌లూ ఉచితం. పావుగంట పని.

ముక్క రాలితే పారేయకండి, కాగితంలో చుట్టి తెండి. తిరిగి అతికించడానికి కాదు, సకినం వల్ల విరిగిందో నా వల్ల ఊడిందో దాని అడుగు చూస్తే తెలుస్తుంది.