గాలపు తాడు గీసిన చాకు

ఒరేయ్ మురళీ,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందంటే మనసు కుదుటపడింది. ఇక నువ్వడిగిన దానికొస్తాను. నీటిరంగులు పూలకీ మబ్బులకీ తప్ప, వేట, చేపలు పట్టడం లాంటి మోటు పనులు చూపించడానికి పనికొస్తాయా అన్నావు. ఈ మధ్య నేను అమెరికన్ చిత్రకారుడు విన్‌స్లో హోమర్ బొమ్మలే చూస్తున్నాను కాబట్టి జవాబు పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ఆయన 1836లో బోస్టన్‌లో పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో పత్రికకు సైనికుల బొమ్మలు వేశాడు. నీటిరంగులు గట్టిగా పట్టుకున్నది 1873లో. నాకు ప్రాణమైనవి మాత్రం ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ కొండల్లో వేసినవి, ముఖ్యంగా 1889, 1892ల్లోవి. అక్కడ నార్త్ వుడ్స్ క్లబ్ అని వేటకీ చేపలకీ వెళ్లేవాళ్ల సంఘం ఉండేది. హోమర్ అందులో సభ్యుడు. స్వయంగా గాలం వేసే మనిషి కాబట్టి, చేప ఎప్పుడు పైకి లేస్తుందో, పడవ ఎటు ఒరుగుతుందో ఆయనకు తెలుసు.

అక్కడి ట్రౌట్ చేపకు మనలా వానపాము గుచ్చరు. ఈకలూ దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగును దూరంగా విసురుతారు. అప్పుడు తాడు గాల్లో పెద్ద వంపు తిరుగుతుంది. దాన్ని హోమర్ ఎలా చూపించాడో తెలుసా? ముందు చెరువునీ అడవినీ ముదురు రంగులతో తడితడిగా పరిచేస్తాడు. ఆరాక చాకు మొనతో ఒక్క విసురున గీకేస్తాడు. అడుగునున్న కాగితం తెల్లగా బయటపడుతుంది, అదే తాడు! కుంచెతో తెల్లరంగు గీత పెడితే పైన అతికించినట్టు ఉంటుంది. గీకిన గీతలో ఆ విసిరిన చేతి వేగం కనిపిస్తుంది రా.

1895లో కెనడాలోని సాగనే నది మీద వేసిన బొమ్మ ఇంకోటుంది. పెద్ద చేప గాల్లోకి ఎగిరి, మన కళ్లకు ఎదురుగా ఉంటుంది. పడవా మనుషులూ వెనకెక్కడో చిన్నగా. అసలు కథ చేపదేనన్నమాట. ఆడిరాండాక్ బొమ్మల్లోనూ అంతే, క్లబ్బు దొరల కంటే అడవి తెలిసిన గైడ్లే ఎక్కువ కనిపిస్తారు. వాళ్లలో గడ్డం పెరిగిన ముసలాయన ఒకడున్నాడు, ఆ నిలబడే తీరు చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అప్పట్లో కుక్కలతో జింకను తరిమి చెరువులో దించేవాళ్లు. ఈదలేక అలిసిపోయిన దాన్ని పడవలో వెంటాడి చంపేవాళ్లు. తర్వాత ఆ రాష్ట్రమే ఈ పద్ధతిని నిషేధించింది. 1892లో హోమర్ దీన్ని ముందు నీటిరంగుల్లో, తర్వాత తైలవర్ణంలో వేశాడు. పడవలో వంగిన కుర్రాడు జింక కొమ్ములు పట్టుకుని ఉంటాడు, కుక్క ఈదుకుంటూ వస్తుంటుంది. జింక బతికే ఉందని కొందరు అనుకున్నారు. బతికుంటే పడవా మనిషీ ఎగిరిపడేవాళ్లు కాదా అని ఆయన జవాబు. పని తెలిసినవాడి జవాబే అది, కాదనను. కానీ ఆ నీళ్ల అందం చూస్తూ మెచ్చుకోబోతే ఆ కొమ్ములు అడ్డొస్తాయి. బహుశా ఆయనా మనల్ని అక్కడే ఆపాలనుకున్నాడేమో.

నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి కనుక మ్యూజియంలు ఈ బొమ్మల్ని ఎక్కువ కాలం చీకట్లోనే దాస్తాయి. అందుకని వాళ్ల సైట్లలోనే పెద్దది చేసి చూడు, గీకిన చోట కాగితపు పీచు కూడా కనబడుతుంది. నువ్వూ ప్రయత్నించు. కాగితం మందంగా ఉండాలి, రంగు పూర్తిగా ఆరాకే బ్లేడు పెట్టు, లేకపోతే చిరుగుతుంది.

ఆ జింక బొమ్మ చూసి నీకేమనిపించిందో దాచకుండా రాయి. పిల్లలకు ముద్దులు.

నీ
రఘు