పరంగిమలై నుంచి శాంథోమ్ దాకా: ఎనిమిది, తొమ్మిది తరగతుల తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యాక వచ్చే మొదటి శనివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ఒక రోజు యాత్రకు తీసుకెళ్తున్నాం. పరంగిమలై కొండ, సైదాపేటలోని చిన్నమలై గుహ, శాంథోమ్ చర్చి. మూడూ మన చెన్నైలోనివే, మూడూ యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమా పేరుతో ముడిపడ్డవే. వెంట గైడ్ ఉంటారు. ఈ సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టిన సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. "చర్చిలకే ఎందుకు మేడం?" అని ఒకరు, "పిల్లలతో ప్రార్థనలేమీ చేయించరు కదా?" అని ఇంకొకరు, "ఎండలో కొండెక్కించడం అవసరమా?" అని మరొకరు. అడగాల్సినవే అడిగారు. అందుకని ఈ నెల వార్తాలేఖలో స్పోర్ట్స్ డే కబుర్లు పక్కన పెట్టి, ఉత్తరమంతా దీని గురించే రాస్తున్నాను.

పోయినేడాది ఇవే తరగతులు ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి గుడి, 1795లో కట్టిన వాలాజా పెద్ద మసీదు చూసొచ్చాయి. ఈసారి చర్చిలు. అయితే వంతు వచ్చింది కాబట్టి వెళ్తున్నాం అనుకోకండి. చరిత్ర పాఠంలో మన పిల్లలు ఎప్పుడూ తడబడే చోటు ఒకటుంది. జనం నమ్మేది ఏది, ఆధారం దొరికింది ఏది అంటే రెండూ కలిపి రాసేస్తారు. లేదంటే నమ్మకాన్ని "అంతా కట్టుకథ" అని కొట్టిపారేస్తారు. రెండింటినీ విడివిడిగా పట్టుకుని, రెండింటికీ మర్యాద ఇవ్వడం నేర్పాలంటే తోమా కథకు మించిన పాఠం ఈ ఊళ్లో నాకు కనిపించలేదు. పైగా ఆయనే ఆధారం అడిగిన మనిషి. యేసు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెప్తే, ఆయన శిలువ గాయాలు కళ్లారా చూసి, చేత్తో తాకితే తప్ప నమ్మనన్నాడని బైబిల్లో ఉంది. ఆ ఘట్టం బొమ్మ శాంథోమ్ చర్చి రంగుటద్దాల కిటికీలో ఉంది. దాన్ని మాత్రం పిల్లలందరూ చూసేలా చూడండని టీచర్లకు చెప్పాను.

క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకునేది ఇది. తోమా క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడు. అక్కణ్నుంచి మైలాపూరు చేరాడు. చంపడానికి వస్తున్నవాళ్ల నుంచి తప్పించుకుని చిన్నమలై గుహలో తలదాచుకున్నాడు. చివరికి 72లో పరంగిమలై మీద బల్లెం పోటుకు చనిపోయాడు. శిష్యులు మైలాపూరు ఒడ్డున సమాధి చేశారు. మరి ఆధారం మాటేమిటంటే, ఆయన కాలంలో రాసిన రాత ఒక్కటి కూడా ఇక్కడ దొరకలేదు. మూడో శతాబ్దం నాటి, సిరియాక్ అనే పాతకాలపు పశ్చిమాసియా భాషలో ఉన్న ఒక కథనంలో తోమా భారతదేశంలో గొండోఫెరీస్ అనే రాజు కొలువుకు వచ్చినట్టు ఉంది. ఆ రాజును కల్పన అనుకున్నవాళ్లు చాలామందే ఉండేవారు. పందొమ్మిదో శతాబ్దంలో వాయవ్య భారతంలో ఆయన పేరున్న నాణేలు బయటపడ్డాయి. రాజు నిజంగానే ఉన్నాడని తేలింది. అంతమాత్రాన తోమా వచ్చినట్టు రుజువైందా? ఈ ప్రశ్న తొమ్మిదో తరగతిలో ఇప్పటికే వేసి చూశాం. క్లాసు రెండుగా చీలి, బెల్లు కొట్టినా ఆగలేదు.

ఎండ గురించి అడిగినవారికి: అందుకే ముందు పరంగిమలై ఎక్కుతున్నాం. నిజానికి కథ వరసలో చిన్నమలై ముందు రావాలి. ఎండ ముదిరాక కొండెక్కించడం ఇష్టం లేక, కథను మధ్యలోంచి మొదలుపెట్టమని గైడ్ గారిని ఒప్పించాం. కొండ ఎత్తు సుమారు 300 అడుగులే. రాతి మెట్లు బాగుంటాయి. దారి పొడవునా యేసు శిలువ మోసిన ఘట్టాలు పద్నాలుగు నిలబెట్టి ఉంటాయి కాబట్టి ఆగి ఆగి ఎక్కొచ్చు. మెట్లెన్నో పిల్లల్నే లెక్కపెట్టమన్నాం. పైకి చేరేసరికి ఎవరి లెక్క వారిదే అవుతుందని నాకు తెలుసు. ఆయాసం ఉన్న పిల్లలకు, కాలు నొప్పి ఉన్నవారికి మెట్లతో పనిలేదు. పైదాకా బండి దారి ఉంది, స్కూలు వ్యాన్‌లో తీసుకెళ్తాం. ఆ సంగతి ముందే క్లాస్ టీచర్‌కు చెప్పండి. పిల్లలు నలుగురిలో చెప్పుకోరు.

ఈ మెట్లు కట్టించింది కోజా పెత్రూస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు. 1726లో సైదాపేట దగ్గర అడయారు నది మీద వంతెన కట్టించిందీ ఆయనే. మీలో సగంమంది ఆఫీసుకెళ్తూ రోజూ దాటే చోటే అది. ఇప్పుడున్నది ఆ పాత వంతెన కాదు, తర్వాత కట్టింది. కొండకు వచ్చే యాత్రికులు నది దాటలేక ఇబ్బంది పడుతుంటే సొంత డబ్బు పెట్టి కట్టించాడు. ఆయన సమాధి వేపేరిలో ఉంది. గుండెను మాత్రం ఆయన కోరిక ప్రకారం సొంతూరు జుల్ఫాకు, అంటే ఇరాన్‌కు పంపారని చెబుతారు. ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నప్పుడు మీ పిల్లలు ఈ కథ మీకు చెప్తే, ఈ యాత్ర డబ్బులు వసూలైనట్టే.

కొండ మీది చర్చిలో అందరూ చూసేది ఒక రాతి శిలువ. 1547లో పోర్చుగీసువాళ్లు పునాది తవ్వుతుంటే బయటపడింది. తోమా తన చేత్తోనే చెక్కాడనేది భక్తుల నమ్మకం. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా ఆ రాయి నెత్తురు చెమర్చిందని, ఆ తర్వాత కూడా కొన్నిసార్లు అలా జరిగి 1704తో ఆగిందని చర్చి చెబుతుంది. ఇక ఆ రాతి అంచు చుట్టూ ఉన్న అక్షరాలు చూస్తే అవి పహ్లవీ, పాతకాలపు పర్షియా లిపి. చెక్కినది తోమా కాలానికి కొన్ని వందల ఏళ్ల తర్వాతని లిపి తెలిసిన పండితులు అంటారు. ఇలాంటి శిలువలు కేరళలో కొట్టాయం పాత చర్చిలోనూ ఉన్నాయి. అంటే పోర్చుగీసువాళ్లు రాకముందే, పర్షియాతో సంబంధాలున్న క్రైస్తవులు ఈ తీరంలో ఉండేవారన్నమాట. ఆ రాయి ముందు నిలబడి గైడ్ గారు రెండు మాటలూ చెబుతారు. ఏది నమ్మాలో ఆయనా చెప్పరు, మేమూ చెప్పం.

లెక్కల మాస్టారికి ఈ కొండతో వేరే పని ఉంది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ భారతదేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచే సర్వేకు ఈ కొండ దగ్గరే ఆధార రేఖ వేశాడు. ఏడున్నర మైళ్ల ఆ గీతను 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలవడానికి 57 రోజులు పట్టింది. ఆ పనే సాగి సాగి చివరకు ఎవరెస్టు ఎత్తు కట్టేదాకా వెళ్లింది. లాంబ్టన్ బొమ్మ కొండ మీదే ఉంది. మాస్టారు అక్కడ పావుగంట అడిగారు, పది నిమిషాలిచ్చాం. మీ అబ్బాయిల చూపు మాత్రం మీనంబాక్కం రన్‌వే మీద దిగే విమానాల మీదే ఉంటుందని నా అనుమానం.

చిన్నమలైలో ఎక్కువసేపు ఉండం. గుహ చిన్నది, ఇరుకు, పదిమంది చొప్పున వంగి లోపలికి వెళ్లాలి. అక్కడ తోమా చేతి గుర్తు అని చూపించేది ఒకటుంది, రాతిలోంచి వచ్చే నీటి ఊట ఒకటుంది. 1551 నాటి పోర్చుగీసు చర్చి పక్కనే, తోమా చనిపోయి 1900 ఏళ్లయిన సందర్భంగా కట్టిన గుండ్రటి కొత్త చర్చి కనిపిస్తుంది. భోజనం సైదాపేటలోనే, మనకు తెలిసిన ఒక స్కూలు హాల్లో. పులిహోరో పెరుగన్నమో, మధ్యాహ్నం దాకా పాడవనిది కట్టివ్వండి. బిర్యానీ వద్దని కాదు. బస్సులో పొద్దుటి నుంచి ఆ వాసనకు మిగతావాళ్లు తట్టుకోలేరు.

చివరగా శాంథోమ్. దీనికి ఎక్కువ సమయం పెట్టాం. సమాధి మీద పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు చర్చి కట్టారు. ఇప్పుడు మనం చూసే తెల్లటి గోథిక్ కట్టడం 1896లో పూర్తయింది. దూరం నుంచి కనబడేది 155 అడుగుల పెద్ద శిఖరం. దాని వెనక ఇంకో చిన్న శిఖరం ఉంది, అది సరిగ్గా సమాధి ఉన్న చోటును చూపిస్తుంది. తల ఎత్తి ఆ రెండోదాన్ని వెతకమని పిల్లలకు పని ఇచ్చాం. అపొస్తలుడి, అంటే యేసు ముఖ్య శిష్యుడి సమాధి మీద కట్టినవిగా చెప్పే చర్చిలు ప్రపంచంలో చాలా తక్కువ. రోమ్‌లో సెయింట్ పీటర్స్, స్పెయిన్‌లో సాంతియాగో, వాటి సరసన మన మైలాపూరుది. అందుకే 1986 ఫిబ్రవరిలో పోప్ రెండో జాన్ పాల్ ఇక్కడికి వచ్చారు. సమాధిలో ఎముకలు ఉన్నాయా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వాటిని చాలా కాలం కిందటే ఇప్పటి టర్కీలోని ఎడెస్సాకు, అక్కణ్నుంచి గ్రీసులోని కియోస్ దీవికి తీసుకెళ్లారని, 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయని చర్చి చరిత్రే చెబుతుంది. ఇక్కడ ఉంచినది ఒక చిన్న ఎముక ముక్క.

పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ సమాధి గురించి రాసినది పిల్లలకు చదివి వినిపిస్తాం. క్రైస్తవులే కాదు, ముస్లింలూ యాత్రకు వచ్చేవారట. తోమా చనిపోయిన చోటి ఎర్రమట్టి తీసుకెళ్లి చలిజ్వరం రోగులకు ఇచ్చేవారట. దర్గా తాయెత్తు, గుడి విభూతి, చర్చి నూనె అన్నీ ఒకే అలమరలో పెట్టుకునే ఇళ్లు మన వీధుల్లోనే ఉన్నాయి కాబట్టి పిల్లలకు ఇదేం వింతగా అనిపించదు.

ఇక ఒక విషయం. శాంథోమ్ వెళ్తున్నామంటే కపాలీశ్వర ఆలయం మాట రాక మానదు, వాట్సాప్‌లో అప్పుడే వచ్చింది కూడా. పాత కపాలీశ్వర ఆలయం సముద్రం ఒడ్డునే ఉండేదని, పోర్చుగీసువాళ్ల కాలంలో అది పోయిందని, ఇప్పుడు మనం దణ్ణం పెట్టుకునే గుడి తర్వాత లోపలికి జరిపి కట్టిందని చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. ఏడో శతాబ్దంలో శైవ భక్త కవి తిరుజ్ఞాన సంబంధర్ పాడిన పదికంలోనే, అంటే భక్తి గీతంలోనే, మైలాపూరు సముద్రం కనిపిస్తుంది. ఆ పాత గుడి శాసనాల ముక్కలు శాంథోమ్ ఆవరణలోనూ దొరికాయి. ఇది దాచం. పిల్లలకు చర్చి ఆవరణలోనే చెబుతాం, గైడ్ గారితో ఇదివరకే మాట్లాడుకున్నాం. పదహారో శతాబ్దపు పోర్చుగీసువాళ్లు చేసిన పనికి ఈ రోజు అక్కడ కొవ్వొత్తి వెలిగించే బామ్మను బాధ్యురాలిని చేయకూడదన్నది కూడా అక్కడే చెబుతాం.

ప్రార్థనల సంగతి. ఎవరితోనూ మోకాళ్లు వేయించం, ఏ మంత్రమూ చెప్పించం, ప్రసాదంలాంటిదేదీ తినిపించం. మన స్కూల్లో క్రైస్తవ పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఆ సమాధి దగ్గర కాసేపు ప్రార్థన చేసుకోవాలని ఉంటుంది, చేసుకోనిస్తాం. మిగతావాళ్లు అరవకుండా, సెల్ఫీల కోసం తోసుకోకుండా కూర్చుంటే చాలు. ఆదివారం ఆరాధన ఉంటుంది కాబట్టే శనివారం పెట్టుకున్నాం. పెళ్లి జరుగుతూ కనిపిస్తే బయటే ఆగుతాం. పంపడం ఇష్టం లేనివారు పంపకండి, కారణం రాయక్కర్లేదు. ఆ రోజు వాళ్లకు స్కూల్లో లైబ్రరీ తెరిచే ఉంటుంది. హాజరుకు, మార్కులకు దీనితో సంబంధం లేదు.

తెలుగు మేడం బస్సులో చెప్పడానికి ఒక కథ దాచుకున్నారు. మచ్చుకు కొంచెం నేనే చెప్పేస్తాను. 1720ల్లో మద్రాసుకు వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ పాస్టర్ ఇక్కడే తెలుగు నేర్చుకుని బైబిల్ను తెలుగులోకి మార్చాడు. అది అచ్చు కాలేదు. కానీ ఆయన రాసిన చిన్న పుస్తకాలు కొన్ని 1740ల్లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలుగా చెప్పేవి అవే. మద్రాసులో తెలుగు బడికి వచ్చే పిల్లలకు ఇది తెలిసి ఉండాలని ఆవిడ పట్టు.

1516 నాటి లజ్ చర్చినీ కలపమని కొందరు అడిగారు. మైలాపూరు సాయంత్రపు ట్రాఫిక్ తలుచుకుని మానుకున్నాం. మెట్రోలో వెళ్దామని పిల్లలు సంతకాలు సేకరించి తెచ్చారు. ఆలందూరులో అంతమందిని రైలు మార్పించే టెన్షన్ నాకు వద్దు. బస్సే.

ఉదయం ఆరున్నరకు బస్సు కదులుతుంది, సాయంత్రం ఐదున్నరకు తిరిగి స్కూలుకు. బస్సుకు, గైడ్‌కు కలిపి ఒక్కొక్కరికి 350 రూపాయలు. ఇవ్వడం కష్టమైతే నాతో ఒక మాట చెప్పండి, బయటికి రాదు. యూనిఫాం, టోపీ, నీళ్ల సీసా, నోట్‌బుక్ ఉండాలి. సులువుగా విప్పే చెప్పులు వేసి పంపండి. సమాధి దగ్గరికి వెళ్లాక బూట్ల లేసులతో కుస్తీ పట్టేవాళ్ల కోసం వెనక క్యూ ఆగుతుంది. ఫోన్లు వద్దు, ఫొటోలు టీచర్లు తీసి గ్రూపులో పెడతారు. తిరిగొచ్చాక ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాయాలి: ఎడమ వైపు "అక్కడివాళ్లు నమ్మేది", కుడి వైపు "దొరికిన ఆధారం". దాన్ని మీరు రాసివ్వకండి. మీ దస్తూరీ మాకు తెలుసు.

అనుమతి పత్రం ఈ కాగితం కిందే ఉంది. మందులు వాడే పిల్లల వివరాలు దాని మీదే రాసి, సెలవులకు ముందు శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు అందజేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు